ఇంకో వంద పెడితే

లెన్సేశ్వరరావు అనేది ఆయన అసలు పేరు కాదు. ఒహాయో రాష్ట్రంలో కొలంబస్ పక్కనున్న డబ్లిన్‌లో మా తెలుగువాళ్లం పెట్టుకున్న పేరు. ఆయనకీ తెలుసు. పైకి కోప్పడతాడు గానీ లోపల ఇష్టమే. యాభైకి దగ్గర పడ్డ మనిషి, బ్యాంకులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ముక్కు మీద ప్రోగ్రెసివ్ కళ్లద్దాలు. ఇంటికి రెండు కార్ల గ్యారేజీ ఉంది గానీ అందులో పట్టేది ఒక్క కారే. మిగతా సగం ఖాళీ అట్టపెట్టెలది. ఏ వస్తువు కొన్నా దాని పెట్టె పారేయడు. లోపలి ప్లాస్టిక్ కవరు, సిలికా పొట్లం, వైరుకి మెలితిప్పిన చిన్న తీగ, అన్నీ దాస్తాడు. ఎందుకండీ అంటే, "రేపు తిరిగిచ్చెయ్యాల్సి వస్తే?" అంటాడు.

ఈ బాపతు మనుషులు ప్రతి కాలనీలోనూ ఒకరుంటారు. వీళ్లు కొనేదాని కంటే కొనబోయేదాని మీదే మక్కువ ఎక్కువ. లెన్సేశ్వరరావుగారు వెట్ గ్రైండరు ఎంచుకునేసరికి ఎండాకాలం అయిపోయింది, వాళ్లావిడకి మిక్సీలో పిండి రుబ్బుకోవడం అలవాటైపోయింది. 2024 ఏప్రిల్ 8న సంపూర్ణ సూర్యగ్రహణం సాక్షాత్తూ డబ్లిన్ మీదుగా వెళ్లింది. టెలిస్కోపుకి ఏ ఫిల్టరు బిగించాలో ఆయన ఏప్రిల్ 9న తేల్చారు.

అలాంటాయన వేటకి దిగడానికి కారణం గోంగూర. వాళ్లావిడ పెరట్లో వేసిన గోంగూర మడిని, పక్కనున్న బెండ మొక్కల్ని తెల్లతోక జింకలు రెండు రాత్రుల్లో మోళ్లు చేసి, పచ్చిమిర్చిని మాత్రం మర్యాదగా వదిలేశాయి. ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. ఈయన ప్రతిజ్ఞ పట్టారు. తుపాకీ గడప తొక్కితే తను గడప దాటతానని ఆవిడ ముందే చెప్పేసింది కాబట్టి, ఆఫీసులో ఎవరో క్రాస్‌బో సంగతి చెప్పారు. అడ్డంగా బిగించిన విల్లు, తుపాకీలాగా కుందా, ట్రిగ్గరు. ఒహాయోలో విల్లంబుల సీజనంతా దీంతో వేటాడొచ్చు. సెప్టెంబరు చివరి శనివారం మొదలైతే ఫిబ్రవరి మొదటి ఆదివారం దాకా నడుస్తుంది. ఆ మాటకొస్తే పేరుమోసిన టెన్‌పాయింట్ క్రాస్‌బోలు తయారయ్యేది కూడా ఈ రాష్ట్రంలోనే, ఆక్రన్ దగ్గర మోగడోర్‌లో.

"సీజను ఊపందుకునే అక్టోబరుకి మంచుపడి గోంగూర ఎలాగూ చచ్చిపోతుంది కదండీ, అప్పుడు జింకని కొట్టి ఏం లాభం?" అందావిడ.

"పంతం పంతమే," అన్నారీయన.

విచిత్రమేమిటంటే విల్లు ఒక్క సాయంత్రంలో కొనేశారు. సేల్లో నాలుగొందల డాలర్లు. మేమంతా ఆశ్చర్యపోయాం. అసలు సంగతి తరవాత తెలిసింది. ఆ పెట్టెలో విల్లుతో పాటు నాలుగు రెట్లు పెద్దది చేసి చూపించే 4x32 స్కోపు ఒకటి ఊరికే వచ్చింది. "ఊరికే ఇచ్చాడంటేనే తెలియడం లేదూ, ఎలాంటిదో!" అని దాన్ని వేలితో పక్కకి నెట్టి, ల్యాప్‌టాప్ తెరిచారు. అప్పుడు మొదలైంది వేట.

ఎక్సెల్ షీటులో మొదటి వరసలో ట్రూగ్లో స్కోపు, అరవై డాలర్లకి అటూ ఇటూ. "ఇంకో వంద పెడితే వోర్టెక్స్ క్రాస్‌ఫైర్ దగ్గరికి వచ్చేస్తాం కదా," అన్నారు. అది రెండొందల దగ్గర తేలింది. "రెండొందలు పెట్టేవాళ్లం, ఇంకాస్త ఓపిక పడితే హాక్ ఎక్స్‌బీ 30 ఉంది, ముప్పై మిల్లీమీటర్ల గొట్టం." అది నాలుగొందలు దాటింది. అంతదూరం వచ్చినవాడికి బరిస్ ఒరాకిల్ ఎక్స్ మాత్రం ఎంత దూరం? అందులోనే లేజరు ఉంటుంది, మీట నొక్కితే జింక ఎన్ని గజాల్లో ఉందో కొలిచి, ఎక్కడ గురిపెట్టాలో అక్కడ చుక్క వెలిగిస్తుంది. వెయ్యి పైమాటే. దాని పైన గార్మిన్ జీరో, రెండు వేల దాకా. ప్రతి మెట్టు దగ్గరా ఆయన చూసేది పై మెట్టుకి ఎంత తేడా అనే. కింద నుంచి ఎంత పైకొచ్చామో ఒక్కసారీ వెనక్కి తిరిగి చూడరు.

"నాలుగొందల విల్లు మీద రెండు వేల స్కోపా? చారాణా కోడికి బారాణా మసాలా అంటే ఇదే కదన్నా," అన్నాడు మాలో కరీంనగర్ కుర్రాడు.

"విల్లు రేపు మారుస్తాం తమ్ముడూ. అద్దం జీవితాంతం ఉంటుంది," అన్నారు లెన్సేశ్వరరావుగారు. ఆయన టెలిస్కోపు గురించీ ఇదే మాటన్నారు. కాకపోతే బరిస్, గార్మిన్ రెండూ కొన్ని రాష్ట్రాల్లో కుదరవు, విల్లుకి కరెంటు వస్తువేదీ తగిలించకూడదని నియమం. ఒహాయోకి ఆ బెడద లేకపోయినా, "రేపు ఉద్యోగం మారి ఇంకో రాష్ట్రం వెళ్లాల్సి వస్తే?" అని ఆయనే ఆ రెండింటినీ పసుపు రంగు గళ్లలోకి మార్చారు.

అసలు ఈ వ్యవహారంలో శాస్త్రం ఏమంత లోతైంది కాదు. మామూలు క్రాస్‌బో బాణం సెకనుకి 350 అడుగుల చిల్లర వేగంతో పోతుంది. తుపాకీ గుండు పక్కన పెడితే నడక కిందే లెక్క. ఇరవై గజాలకి గురి కుదిర్చిన విల్లుతో, అదే గురి మీద ముప్పై గజాల్లో ఉన్నదాన్ని కొడితే బాణం మూడు నాలుగు అంగుళాలు కిందికి తగులుతుంది. నలభైలో కొడితే పది అంగుళాలు. జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు ఎనిమిది, పది అంగుళాల మేర. అంటే ముప్పయ్యో నలభయ్యో తెలియకుండా మీట నొక్కితే, ఎంత ఖరీదైన అద్దమైనా బాణాన్ని పొట్ట కిందుగా ఎంతో స్పష్టంగా పోనిస్తుంది. పైగా ధ్వని సెకనుకి 1,100 అడుగులు. నలభై గజాల్లో విల్లు చప్పుడు బాణం కంటే పావు సెకను ముందే జింక చెవిన పడుతుంది. అది ఉలిక్కిపడి వంగితే చాలు, బాణం వీపు మీదుగా వెళ్లిపోతుంది. అందుకే తెలిసినవాళ్లు నలభై గజాలు దాటి ఆశపడరు. నలభై గజాల దూరానికి మూడు నాలుగు రెట్లు పెద్దది చేస్తే పుష్కలం.

అలాగని ఊరికే వచ్చినదే చాలని నేననను. జింకలు తిరిగేది మసక వెలుగులోనే. ఒహాయోలో పొద్దు పొడవక ముందు అరగంట నుంచి పొద్దు గుంకాక అరగంట దాకా వేటకి అనుమతి ఉంటుంది, ఆ రెండు అరగంటల్లోనే నాసిరకం అద్దం పాలు పోసినట్టయిపోతుంది. కొన్ని చవక స్కోపులు విల్లు కుదుపుకి గురి తప్పుతాయి కూడా. నన్నడిగితే అలాంటి విల్లు మీదికి నూటయాభై నుంచి రెండొందల యాభై లోపు స్కోపు, విడిగా దూరం కొలిచే రేంజ్‌ఫైండరు ఓ నూటయాభై, ఇంకా డబ్బుంటే ఒకే బరువున్న బాణాలు నాలుగు ఎక్కువ. మూడొందలు దాటాక పెరిగేది వెలుతురు కాదు, ఎక్సెల్ షీటే.

లెన్సేశ్వరరావుగారు నన్నడగలేదు. ముందువైపు అద్దం యాభై మిల్లీమీటర్లుంటే చీకట్లో బాగా కనిపిస్తుందని వెతకడం మొదలుపెట్టారు. ముప్పై రెండు మిల్లీమీటర్ల అద్దాన్ని నాలుగు రెట్లతో భాగిస్తే ఎనిమిది, అంటే కంటికి చేరే వెలుగు ఎనిమిది మిల్లీమీటర్ల వెడల్పు. ఆయన వయసులో కనుపాప చీకట్లో ఎంత విచ్చుకున్నా అంత తెరుచుకోదు. ఎక్కువైన వెలుగు బుగ్గ మీద పడాల్సిందే. ఆ ముక్క చెప్పినందుకు ఆ వారమంతా నాతో మాట్లాడలేదు.

చివరికి అయిదొందల చిల్లర స్కోపు ఒకటి కొన్నారు, నవంబరులో. దాన్ని బిగించి గురి కుదిర్చే బాధ్యత పక్కింటి ముసలాయన మీద పడింది. రిటైరైన ప్లంబరు, నాక్స్ కౌంటీలో తమ్ముడి పొలం ఉంది, అక్కడ వేటాడుకోవడానికి మన రావుగారికి చట్టప్రకారం రాతపూర్వకంగా అనుమతి ఇప్పించిందీ ఆయనే. ఆయన విల్లు మీదున్నది పెట్టెలో ఊరికే వచ్చిన 4x32. దాని మూత ఎప్పుడో పోతే ప్లంబర్ల టేపు చుట్టాడు. దాంతోనే ఏటా ఒక జింక.

పొలంలో కొట్టం వెనక ఇరవై గజాల్లో గురి పెట్టె పెట్టారు. మొదటి బాణం రెండంగుళాలు ఎడమకి గుచ్చుకుంది. లెన్సేశ్వరరావుగారు స్కోపు గుండీని చెవి దగ్గర పెట్టుకున్నంత శ్రద్ధగా నాలుగు 'టిక్కు'లు తిప్పి మళ్లీ కొట్టారు. బాణం అదే చోట. ఇంకో నాలుగు టిక్కులు. అదే చోట. "పీస్ డిఫెక్టివ్," అని పెట్టె కోసం కారు వైపు నడిచారు. ముసలాయన నవ్వలేదు. ఒక్కో టిక్కుకి పావంగుళం జరిగేది వంద గజాల దూరాన. ఇరవై గజాల్లో అంగుళం జరగాలంటే ఇరవై టిక్కులు తిప్పాలి. బొటనవేలితో టకటకటకా మిగతావి తిప్పేసి, "ఇప్పుడు కొట్టు, బడ్డీ," అన్నాడు. బాణం నడిమధ్యన దిగింది.

తరవాత వేగం వలయం దగ్గర పేచీ. ఆ స్కోపు మీద వేగాల అంకెలు చెక్కిన వలయం ఉంది. విల్లు పెట్టె మీద 400 అని ఉంది కాబట్టి ఈయన 400 దగ్గర పెట్టారు. ఇరవై గజాల్లో సరిపోయింది, యాభై గజాల గీతతో కొడితే బాణం కిందికి పోయింది. పెట్టె మీద అంకె తేలిక బాణంతో కొలిచినది, ఈయన కొన్నవి ప్రీమియం బాణాలు, బరువైనవి. ముసలాయన వలయాన్ని కాస్త కాస్తగా వెనక్కి తిప్పుతూ, కొట్టించి చూస్తూ, యాభై గీత యాభైలో తగిలే చోట ఆపాడు. అది నిజానికి జూమ్ వలయమే. బొమ్మ పెద్దదీ చిన్నదీ అవుతుంటే గీతల కొలత బాణం జారుడుకి సర్దుకుంటుంది, అంతే. అందుకని ఒకసారి కుదిరాక దాన్ని ముట్టుకోకూడదు. ముసలాయన చెప్పాడు. రెండుసార్లు చెప్పాడు.

వేట రోజు వచ్చింది. నిచ్చెన మంచె మీద, నడుముకి బెల్టు కట్టుకుని, చీకటి ఉండగానే ఎక్కి కూర్చున్నారు. వాసన రాని సబ్బు మూడు రకాలు పోల్చి చూసి మరీ ఒకటి కొనుక్కుని స్నానం చేసొచ్చారు. జేబులో మాత్రం ఇంగువ పోపు పెట్టిన పులిహోర. అదృష్టవశాత్తూ గాలి అటు నుంచి ఇటుంది. వెలుగు రేకలు విచ్చుకునే వేళకి ఆడజింక ఒకటి వచ్చి మంచెకి పద్దెనిమిది గజాల్లో నిలబడింది. రేంజ్‌ఫైండరుతో కొలిచారు కూడా. అక్కడిదాకా శాస్త్రోక్తంగానే జరిగింది.

అప్పుడు "క్లియర్‌గా ఉంటుంది" అని వలయాన్ని చివరిదాకా తిప్పేశారు. కన్ను పెట్టి చూస్తే గోధుమరంగు. ఎడమకి జరిపితే గోధుమరంగు. కుడికి జరిపితే గోధుమరంగు, దాని అంచున కొంచెం తెలుపు. భుజమో తుంటో, ముందో వెనకో, దేవుడికి తెలియాలి. పొట్టా వీపూ అందులో పట్టడం లేదు. వలయాన్ని వెనక్కి తిప్పబోతే చేతి గ్లవ్ జారి కిర్రుమంది. జింక తలెత్తి ఆయన్నే చూసింది, ముందుకాలితో నేలని టప్పున తన్ని, తెల్లతోక జెండాలా ఎత్తి దూకేసింది.

"అయినా గ్లాస్ క్వాలిటీ మాత్రం చెప్పాలండీ," అన్నారు ఆ సాయంత్రం మాతో. "ఒక్కొక్క వెంట్రుకా లెక్కపెట్టొచ్చు."

ఎక్కుపెట్టాక చాలా క్రాస్‌బోలని చేత్తో సడలించడం కుదరదు, బాణం వదలాల్సిందే. బాణం లేకుండా మీట నొక్కితే విల్లు బద్దలవ్వొచ్చు. కాబట్టి ఇంటికి బయల్దేరే ముందు కొట్టం వెనక గురి పెట్టెలోకి ఒక బాణం కొట్టారు. ఆ సీజన్లో వేటకి వెళ్లి ఆయన వదిలిన బాణం అదొక్కటే.

వాళ్లావిడ ఇంట్లో లెక్కలు చూసింది. లైసెన్సు, జింక పర్మిటు కలిపి యాభై, విల్లు, స్కోపు, రేంజ్‌ఫైండరు, బూట్లు, బెల్టు, సబ్బు, ప్రీమియం బాణాలు, అన్నీ కలిపి పదమూడొందలు. "జింక పడితే మాంసం ఎంతుంటుంది?" అని అడిగింది. నలభై పౌండ్లన్నారు. "అంటే పౌండు ముప్పై రెండు డాలర్లు పైన. మేకమాంసం హలాల్ కొట్లో పది. మరి పడలేదుగా, ఇప్పుడు పౌండు ఎంత పడినట్టు?"

"సున్నాతో భాగించకూడదు," అన్నారు లెన్సేశ్వరరావుగారు, సాఫ్ట్‌వేర్ మనిషి కాబట్టి.

స్కోపు తిరిగివ్వడానికి ఇంకా రెండు రోజులే గడువుంది. గ్యారేజీ నుంచి పెట్టె దిగింది, ప్లాస్టిక్ కవరు, సిలికా పొట్లం, మెలితీగ ఎక్కడివక్కడ సర్దుకున్నాయి. కొట్లో కౌంటరు అమ్మాయి తెర ఆయన వైపు తిప్పి, ఎందుకు తిరిగిస్తున్నారో అందులో ఒకటి నొక్కమంది. వస్తువు పాడైంది, ఇంకోచోట చవకగా దొరికింది, మనసు మారింది, సరిపోలేదు. ఆయన కళ్లద్దాలు సర్దుకుని నాలుగూ చదివారు. "సరిపోలేదు అంటే ఎవరికి సరిపోలేదని, నాకా, విల్లుకా?" అని అడిగారు. వెనక లైనులో ఆరుగురున్నారు. అమ్మాయి ఏదైనా ఒకటేనండి అంది. ఏదైనా ఒకటే అన్న మాట ఆయన జీవితంలో నమ్మింది లేదు. డబ్బు కార్డులోకి వేయించుకుంటే మేలా, కొట్టు క్రెడిట్‌గా తీసుకుంటే మేలా, క్రెడిట్ అయితే ఎన్నాళ్లు చెల్లుతుంది, దాని మీద ఇంకో వంద వేస్తే పై రకం వస్తుందా అని మొదలుపెట్టారు. పార్కింగులో కారులో కూర్చున్న వాళ్లావిడ ఫోన్ చేస్తే, "వస్తున్నా, ఇంకా రెండో ప్రశ్న దగ్గరున్నా," అన్నారు.