నేను నలుగురి ఆల్బమ్‌ని

నేను నల్ల కాగితాల ఫోటో ఆల్బమ్‌ని. ఎర్ర రెక్సిన్ అట్ట, వెన్ను పక్కన రెండు చిల్లులు, వాటిలోంచి దూర్చి ముడివేసిన పట్టుతాడు. పేజీకీ పేజీకీ నడుమ సాలెగూటి గీతలున్న పలచటి కాగితం. నన్ను కోసిందెవరో, కుట్టిందెవరో చెప్పుకోవాలని లేదు. 1973లో గుంటూరు అరండల్‌పేటలో ఒక ఫ్యాన్సీ షాపుకి నలుగురు ఆడపిల్లలు వచ్చి, తలా కాస్త వేసుకుని నన్ను కొన్నారు. నా బతుకు అక్కడ మొదలైంది.

ఆ నలుగురూ చిట్టి, బుజ్జి, అమ్ములు, బేబీ. బీయస్సీ ఆఖరి ఏడాది, ఒకటే హాస్టలు గది. కాలేజీవాళ్లు ఊటీ ఎక్స్‌కర్షన్ వేశారు. పరీక్షలయ్యాక ఎవరి ఊరు వాళ్లది, ఎవరి పెళ్లి వాళ్లదని నలుగురికీ తెలుసు. అందుకే బయల్దేరకముందే నన్ను కొని, చీరల మడతల మధ్య పెట్టి, పెట్టెలో తీసుకెళ్లారు.

కెమెరా చిట్టిది. వాళ్లన్నయ్యని బతిమాలి తెచ్చుకున్న అగ్ఫా క్లిక్ త్రీ. దాంట్లో వేసిన రీలు ‘ఇందు’. ఊటీలోనే హిందుస్థాన్ ఫోటో ఫిలిమ్స్ కర్మాగారంలో 1967 నుంచి తయారైన సరుకది. గుంటూరులో కొన్న ఆ రీలు పుట్టింటికి వెళ్లి మరీ బొమ్మలు పట్టుకుంది. రీలుకి పన్నెండు ఫోటోలే. వెనక ఎర్ర కిటికీలో అంకె చూసుకుంటూ తిప్పాలి. రెండు రీళ్లకి మించి కొనే స్తోమత లేదు. కాబట్టి చిట్టి ఊరికే నొక్కేది కాదు. ఎండ ఎటుందో చూసి, ముగ్గుర్నీ జరిపి, కొంగులు సర్దించి, ఊపిరి బిగబట్టి నొక్కేది. ఇరవై నాలుగు ఫోటోలు తీస్తే ఇరవై నాలుగూ నిలిచాయి. ఆ పిల్ల చేతి నిదానం మీద నాకు ఇవాళ్టికీ గౌరవం.

బేబీది రాత పని. నల్ల కాగితం మీద సిరా కనబడదు కాబట్టి తెల్ల పోస్టర్ కలర్‌లో సన్న కుంచె ముంచి రాసేది. కొండరైలు సంగతులన్నీ నాకు తెలిసింది ఆమె చేతిరాతలోనే. మేట్టుపాళయం నుంచి ఊటీకి 46 కిలోమీటర్లు, ఎక్కడానికి దాదాపు ఐదు గంటలు. ఇంజను పెట్టెల్ని ముందుండి లాగదు, వెనకనుంచి నెడుతుంది. కల్లార్ నుంచి కూనూరు దాకా కొన్నిచోట్ల పన్నెండు అడుగులు ముందుకెళ్తే ఒక అడుగు పైకి ఎక్కాలి. ఉత్త చక్రాలు జారిపోతాయి కాబట్టి పట్టాల నడుమ పళ్లున్న ఇనప కడ్డీలు పరిచారు. ఇంజను కింది పళ్లచక్రం వాటిని కరుచుకుంటూ పైకి పోతుంది. కూనూరు దాకా 1899లో, ఊటీ దాకా 1908లో వేశారు ఆ దారిని. ఇదంతా ఒక పక్క రాసి, దాని కిందే ఇంకో వరస: “సొరంగం వచ్చిన ప్రతిసారీ బుజ్జి నా చెయ్యి పట్టుకుంది. సొరంగం అయిపోయాక కూడా వదల్లేదు.”

బుజ్జికి టికెట్లు దాచే అలవాటు. ఎక్స్‌కర్షన్ అందరికీ కలిపి ఒకే కాగితం టికెట్టు, అది లెక్చరర్ మేడం దగ్గరుంది. అందుకని సాగనంపడానికి వచ్చిన తమ్ముడి చేతిలోంచి ప్లాట్‌ఫారం టికెట్టు లాక్కుంది. గేటు దగ్గర ఆ కుర్రాడు ఏం చెప్పుకుని బయటపడ్డాడో! అది మందపాటి చిన్న అట్ట టికెట్టు. థామస్ ఎడ్మండ్‌సన్ అని ఇంగ్లండులో ఒక స్టేషన్ మాస్టరు పంతొమ్మిదో శతాబ్దంలో కనిపెట్టిన పద్ధతి, మన రైల్వేలోనూ తరాల తరబడి నడిచింది. తేదీని మరలో నొక్కిన గుంట దాని అంచున ఇంకా వేలికి తగులుతుంది. ఆ టికెట్టు పక్కన ఒక నీలగిరి ఆకు, బొటానికల్ గార్డెన్‌లో రాలి దొరికిన పువ్వు రేకు, కొండరైలు ఆగినప్పుడు తాగిన టీ గ్లాసు అడుగున కాగితం పెట్టి గీసుకున్న గుండ్రం.

అమ్ములు బొమ్మలు వేసేది. నా మొదటి పేజీ ఆమెదే. హాస్టలు గదిలో నన్ను నేల మీద పరిచి, నలుగురి చేతుల్నీ ఒకదాని వేళ్ల మీద ఒకటి పడేట్టు పెట్టించి, తెల్ల పెన్సిల్‌తో చుట్టూ గీసింది. గాజులు కూడా గీసింది. చిట్టి చేతికి గడియారం. బేబీ చూపుడువేలి పక్కన చిన్న వంకర, రాసీ రాసీ కాయ కాసిన చోటు. గీత ఎవరిది ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో విడదీయలేరు. నాలో ఎన్ని ఫోటోలున్నా నేను గర్వపడేది ఆ పేజీకే.

ఇంకో సంగతి చెప్పాలి. ఫోటో తీసేది నలుగురిలో ఒకరే కాబట్టి, ఏ ఫోటోలో చూసినా ముగ్గురే ఉంటారు. నలుగురూ ఉన్నది ఒక్కటే. కొండరైలు నీళ్ల కోసం ఆగినచోట టీ అమ్మే అబ్బాయి తీశాడు. పాదాలు తెగిపోయాయి, కొండ ఒక పక్కకి ఒరిగింది. వెనక ఇంజను, ముందు నలుగురూ నవ్వుతూ. నాలో అందరికన్నా మంచి ఫోటో అదే.

ఆ ప్రయాణంలోనే వాళ్లకి కురింజి పువ్వు గురించి ఎవరో చెప్పారు. పన్నెండేళ్లకొకసారి పూసి కొండలు కొండలే నీలంగా మారిపోతాయని, 1970లో పూసిందని, మళ్లీ 1982లోనే అని. అప్పటికప్పుడు నలుగురూ ఒట్టు పెట్టుకున్నారు. నాలో ఒక పేజీ ఖాళీగా వదిలి, పైన ‘1982’ అని రాశారు.

పెళ్లిళ్లయ్యాయి. ఒకరు విజయనగరం, ఒకరు ఆదిలాబాదు, ఒకరు బళ్లారి, ఒకరు హైదరాబాదు. నేను ఏడాదికి ఒకరి దగ్గర ఉండాలని, ఉన్న ఏడాదిలో వాళ్లు ఒక పేజీ నింపి తర్వాతివాళ్లకి పంపాలని నియమం పెట్టుకున్నారు. నన్ను గుడ్డలో కుట్టి, కుట్ల మీద లక్క ముద్రలు వేయించి, రిజిస్టర్డ్ పార్శిల్‌లో పంపేవారు. అలా నాలోకి పూరీ సముద్రం, శ్రీశైలం, నాగార్జునసాగర్ లాంచీ వచ్చాయి. ఎవరూ ఎక్కడికీ వెళ్లలేని ఏళ్లు కూడా వచ్చాయి. అలాంటి ఒక ఏడాది బుజ్జి తన వీధి చివరి రైల్వే గేటుని, రోజూ సాయంత్రం పాపని ఎత్తుకుని చూపించే గూడ్సు బండిని గురించి ఒక పేజీ పెట్టింది. అదీ ప్రయాణమే అని నేను ఒప్పుకున్నాను.

1982 వచ్చింది. నలుగురిలో ఒక్కరూ వెళ్లలేకపోయారు. ఎందుకు వెళ్లలేదో నలుగురూ ఇన్లాండ్ లెటర్లు రాసుకున్నారు. ఒకరికి ఏడో నెల. ఒకరి మామగారికి పక్షవాతం. ఒకరికి సెలవు దొరకలేదు. ఒకరు కారణమే రాయలేదు, “ఈసారికి నన్ను అడగొద్దు” అని మాత్రం రాశారు. ఆ నాలుగు ఉత్తరాల్నీ బుజ్జి ఆ ఖాళీ పేజీలో అతికించింది. అవి మడత విప్పి చదువుకోవచ్చు, మళ్లీ మూసెయ్యవచ్చు.

1994లో ముగ్గురు వెళ్లారు. అమ్ములుకి ఆపరేషనై మంచం మీద ఉంది. ముగ్గురూ కొండ వాలు మీద నిలబడి తీయించుకున్న రంగుల ఫోటోలు ఇప్పుడు ఎర్రబారాయి. నలుపు తెలుపు ఫోటోలో ఉన్నది వెండి, అది నిలిచింది. రంగుల్లో ఉన్నది అద్దకం, అది పోతోంది. ఊటీ గదిలో ముగ్గురూ తమ చేతులు పెట్టి గీసుకున్నారు, నడుమ నాలుగో చేతికి చోటు వదిలి. తర్వాత నన్ను అమ్ములుకి పంపారు. పార్శిల్‌తో పాటు బేబీ రాసిన ఉత్తరం: పువ్వు గంటలా ఉంటుంది, గుత్తులు గుత్తులుగా పూస్తుంది, లేత నీలమా వంకాయ రంగా అని ముగ్గురం పోట్లాడుకున్నాం అని. అమ్ములు ఆ ఖాళీలో తన చెయ్యి పెట్టుకుని గీసుకుంది. వేళ్లు మునుపటికన్నా బాగా చిక్కిపోయాయి. ఆ అరచేతి గీత లోపల, తను చూడని కురింజి పువ్వుని వేసింది. ఒక రేకు నీలం, ఒక రేకు వంకాయ రంగు.

అమ్ములు వేసిన చివరి బొమ్మ అది. ఆ తర్వాత నా ప్రయాణాలు తగ్గాయి. 2005లో నీలగిరి కొండరైలుకి యునెస్కో గుర్తింపు వచ్చినప్పుడు బుజ్జి పేపరు కత్తిరించి అతికించింది. నాలో అతికించిన ఆఖరి కాగితం అదే.

ఆ మీదట ఉన్నది అటక. ఏ ఇంట్లోదో చెప్పను, ఆ ఇంటావిడ మీద నాకు కోపం లేదు. మోకాళ్లు సహకరించక నిచ్చెన ఎక్కలేకపోయింది. పాత ఊరగాయ జాడీలు, విరిగిన ఫ్యాను రెక్కలు, మధ్యలో నేను. వానాకాలం గోడ చెమ్మ నా వెనక అట్టలోకి దిగింది. రామబాణం పురుగులకి జిగురన్నా, ఫోటోల మీది జెలటిన్ పూతన్నా ఇష్టం. రాత్రిపూట వచ్చి చిట్టి గడియారం గీత దగ్గర మొదలుపెట్టి కాగితాన్ని పొరలు పొరలుగా తినేవి. ఎన్ని వానాకాలాలు గడిచాయో చెప్పలేను. కింద పండగలు జరిగేవి, టీవీ మోగేది, చుట్టాలొచ్చి పోయేవారు. ఒకటి రెండుసార్లు ఆవిడ గొంతు వినబడింది: “అటక మీద నా ఆల్బమ్ ఉంటుంది, కాస్త తీసిపెట్టండిరా.” “అలాగే అమ్మమ్మా” అనే జవాబూ వినబడింది.

నన్ను దింపిన రోజు మాత్రం ఆవిడ కోసం కాదు. మనవడికి బడిలో ఆవిరి ఇంజను మీద ప్రాజెక్టు ఉంది. నలుగురూ ఉన్న ఆ ఒక్క ఫోటోలోంచి ఇంజనుని కత్తెరతో చుట్టూ కత్తిరించాడు. ఇంజనుతో పాటు బుజ్జి భుజం కూడా పోయింది. చినిగిన పేజీకి సెల్లో టేపు వేశాడు. ఆ టేపు జిగురు పసుపు పచ్చగా ఊరి, ఉత్తరాల మీదికి పాకింది. పిల్లవాడికి తెలియదు, చెప్పేవాళ్లు పక్కన లేరు. పెద్దవాళ్లు నా పేజీలన్నిటినీ ఫోన్‌లో ఫోటోలు తీసుకుని “ఇంక ఇది ఎందుకు” అన్నారు. ఫోటోల వెనక బేబీ పెన్సిల్‌తో రాసినవి ఫోన్‌లోకి రాలేదు. మూసి ఉన్న ఇన్లాండ్ లెటర్లు ఎవరూ విప్పలేదు.

ఆవిడ పోయింది. ఇల్లు అపార్ట్‌మెంటు కట్టడానికి ఇచ్చారు. నేను పాత పేపర్లతో కలిపి తూకానికి వెళ్లాను. అక్కడినుంచి చేతులు మారి, ఇప్పుడు హైదరాబాదులో ప్రతి ఆదివారం ఆబిడ్స్ పేవ్‌మెంటు మీద పాత పుస్తకాల మధ్య ఉంటున్నాను. ఒకాయన ప్లాట్‌ఫారం టికెట్టు ఒక్కటీ ఊడదీసి ఇస్తావా అని అడిగాడు. నన్ను అమ్మే మనిషి మంచివాడు, విడిగా ఇవ్వనన్నాడు.

అయినా నన్ను ఇంటికి చేర్చడం అతనివల్ల కావడం లేదు. ఊరు రాశారు, తేదీ రాశారు, ఎండ ఎంతుందో రాశారు, సొరంగంలో ఎవరు ఎవరి చెయ్యి పట్టుకున్నారో రాశారు. పేర్లు మాత్రం చిట్టి, బుజ్జి, అమ్ములు, బేబీ అనే రాశారు. తమ పేర్లు ఎవరికి తెలియవు అనుకున్నారు. మన ఊళ్లలో ఇంటికొక బుజ్జి, వీధికొక బేబీ. ఇంటిపేర్లూ చిరునామాలూ ఉన్న పార్శిల్ గుడ్డల్ని వచ్చినప్పుడల్లా విప్పి పారేశారు. ఒక్క గుడ్డ ముక్క నాలో మడిచి పెట్టి ఉంటే ఈపాటికి ఎవరి ఇంట్లోనో ఉండేదాన్ని. మీ ఇంట్లో ఇలాంటి ఆల్బమ్ ఉంటే, ఇవాళే ఒక మెత్తటి పెన్సిల్ తీసుకుని ప్రతి ఫోటో వెనకా పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, గట్టిగా నొక్కకుండా రాయండి. రాయగలవాళ్లు ఉండగానే రాయించుకోండి.

ఇక నా మనవి. మీ అమ్మగారో, అమ్మమ్మో, నాయనమ్మో 1973లో గుంటూరు కాలేజీ నుంచి ఊటీ వెళ్లి ఉంటే, ఆవిడని ఇంట్లో చిట్టి అనో బుజ్జి అనో బేబీ అనో పిలిచేవారైతే, కురింజి పువ్వు గురించి ఏమైనా గుర్తుందా అని ఒకసారి అడగండి. గుర్తుందంటే ఒక ఆదివారం ఆబిడ్స్ రండి. ఎర్ర రెక్సిన్ అట్ట, కుడి మూల చెమ్మ మరక, మొదటి పేజీలో నాలుగు చేతులు. అమ్ములు పిల్లలు వచ్చినా సరే. వాళ్లమ్మ వేసిన పువ్వు నా దగ్గర చెక్కుచెదరకుండా ఉంది.