నెలనెలా మొక్కందుకునే దేవరకు

శనార్తులు సబ్‌స్క్రిప్షన్ దేవరా! వేములవాడ రాజన్న మాకు ఇలవేల్పే గానీ నీ అంత చురుకైనవాడు కాడు. ఆయనకు కోడె కట్టాలంటే ముందు మేమే మొక్కుకోవాలి, టికెట్టు తీసుకోవాలి, వరుసలో నిలబడాలి, పగ్గం పట్టుకుని గుడి చుట్టూ తిరగాలి. మొక్కనివాడి జోలికి రానే రాడు. ఎంత వెనకబాటు! నువ్వైతే మొక్కుకున్న సంగతి మాకే తెలియకుండా నెలనెలా మొక్కు తీర్పించుకుంటావు. 99, 149, 299. వంద అడిగితే మా మనసు నొచ్చుకుంటుందని ఒక రూపాయి వదిలేసే దయామయుడివి.

కార్డు స్టేట్‌మెంటులో నీ నామం చూస్తే ఎవరికైనా భక్తి పుట్టాల్సిందే. మేము చూసిన యాప్ పేరొకటి, అక్కడ అచ్చయ్యేది ఇంకొకటి. సగం అక్షరాలు ఎగిరిపోయి, మధ్యలో ఒక చుక్క గుర్తు, పక్కన నాలుగంకెలు, చివర ఎప్పుడూ పోని ఊరు. ఆరా తీస్తే అది డబ్బు వసూలు చేసిపెట్టే మధ్యవర్తి కంపెనీ పేరని తేలుతుంది. వేయి నామాలున్న విష్ణువు కూడా ధర్మపురికి పోతే నరసింహస్వామిగా ఒక్క పేరుకు పలుకుతాడు. నువ్వు ఏ పేరుకూ పలకవు.

నీ దీక్ష ఇచ్చే విధానం మరీ ముచ్చటైనది. ఆదిలాబాద్ యార్డులో పత్తి అమ్మిన రైతు ఖాతాలో పైసలు పడతాయి. ఇంట్లో పిల్లగాడు “బాపూ, రెండు రూపాయలకే వారమంతా సినిమాలు” అని ఫోను చేతికిస్తాడు. తెర మీద రెండు రూపాయలు గుమ్మడికాయంత. వారం దాటితే నెలకు ఎంతో చెప్పే వరుస మాత్రం బూడిదరంగులో, చీమ తలకాయంత. బాపు పిన్ను కొడతాడు. కొన్ని నెలలకు పాస్‌బుక్కు ఎంట్రీ చేయించుకుని “ఏంది సారూ ఇది, నేనేం కొనలే” అంటే, “పిన్ను కొట్టింది మీరే గద పెద్దాయనా, మా చేతుల ఏం లేదు” అని కౌంటర్లోంచి జవాబొస్తుంది.

నిన్ను దొంగ అనేవాళ్ల నోట మన్ను పడ! నీ అంత చట్టానికి కట్టుబడినవాడు ఎవడున్నాడు? మా తప్పు లేకుండా మూడోవాడెవడో ఖాతాలో చెయ్యి పెడితే, మూడు పనిదినాల్లో బ్యాంకుకు చెబితే మాకు నష్టమేమీ ఉండకూడదని రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న రాసింది. నీ మీద ఆ అస్త్రం పారదు. మా వేలితోనే మా కన్ను పొడిపించావు, సంతకం మాదే. 2021 అక్టోబరు 1 నుంచి ఇలాంటి కోతకు కనీసం 24 గంటల ముందు కబురు పంపాలన్నారు. కబురు వస్తూనే ఉంది, ఇంగ్లీషులో, ఆ తెలియని పేరుతోనే, లోన్ల ప్రకటనల మధ్య. ప్రతిసారీ ఓటీపీ అడగకుండా కోసుకునే హద్దును 2022 జూన్‌లో 5,000 నుంచి 15,000 రూపాయలకు పెంచారు. 2024-25లో పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 7,521. అంటే దాదాపు రెండు క్వింటాళ్ల పత్తి మారు మాట అడగకుండా తీసుకెళ్లే అధికారం నీకుంది. తొంభై తొమ్మిదితో సరిపెట్టుకుంటున్నావంటే అది నీ సంయమనం.

నీ గుడిలోకి రావడానికి వేలు తాకితే చాలు. బయటికి వచ్చే తలుపు మాత్రం సెట్టింగుల లోపల, అకౌంటు లోపల, ప్లాను లోపల. అక్కడికి చేరినా “నిజంగానే వెళ్లిపోతారా?” అని కన్నీళ్లు పెట్టుకుంటావు. యాప్ తీసేసి పీడ వదిలిందనుకునే అమాయకులను కూడా నువ్వు విడువవు. 2023 నవంబరులో కేంద్రం వినియోగదారులను బురిడీ కొట్టించే 13 పద్ధతుల జాబితా ప్రకటించి, అందులో నీ ఉచ్చుకూ చోటిచ్చింది. అంతటి బిరుదు పొందాక కూడా నీ నడతలో ఆవగింజంత గర్వం లేదు, మార్పూ లేదు.

అన్నట్టు, మే నెలాఖరున 20 రూపాయలో 436 రూపాయలో పోతే ఆ పాపం నీ ఖాతాలో వేయకూడదు. అవి సర్కారు ప్రమాద బీమా, జీవన జ్యోతి బీమా కిస్తులు. ఒక్కోదానికి రెండు లక్షల రక్షణ. నీ మీది కోపంతో వాటిని ఆపుకోవద్దని మావాళ్లకు చెప్పాల్సిన గతి పట్టించావు.

నీ లెక్కల నేర్పు తలచుకుంటే ఒళ్లు పులకరిస్తుంది. 99 రూపాయల కోసం ఉట్నూరు నుంచి ఆదిలాబాద్ బ్యాంకుకు పోయి రావాలంటే బస్సు చార్జీ అంతకు మించుతుంది, పైగా ఒక రోజు కూలి పోతుంది. అందుకే ఎవరూ అడగరని నీకు తెలుసు. ఒక్క చోట మాత్రం లెక్క తప్పావు దేవరా. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణ ఆడబిడ్డలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో చార్జీ లేదు.

కాబట్టి అక్కలారా, ఈసారి పట్నం పోయినప్పుడు ఇంట్లో అందరి పాస్‌బుక్కులూ సంచిలో వేసుకుపోండి. తెలియని పేరు కనిపిస్తే యూపీఐ యాప్‌లో ఆటోపే అనే చోటు తెరిపించి రద్దు చేయించండి. కార్డు మీదైతే బ్యాంకుకు కాగితం రాసిచ్చి రసీదు అడగండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు, దానికి పైసా ఖర్చు లేదు.