పూల బండిలో సాక్షిని

నేను సెల్‌ఫోన్‌ని. ఏ ఫ్యాక్టరీలో పుట్టానో, ఎంతకు అమ్ముడుపోయానో వదిలేయండి. నా అసలు బతుకు ఎంకపల్లిలో, ఒక ట్రాలీ ఆటో స్టీరింగు పక్కన బిగించిన స్టాండు మీద మొదలైంది. తెల్లారకముందే చామంతి మూటలు ఎక్కించుకొని మొయినాబాద్ మీదుగా గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కు పోయేవాళ్లం. పొద్దెక్కితే పూలు వాడతాయి, ధర పడిపోతుంది. దారిలో అరగంట ఆగినా బండి నడిపే మా అన్నకు నష్టమే. బండ్లు ఆపే పోలీసుల్లో కొందరికి ఆ సంగతి బాగా తెలుసు.

ఒక తెల్లవారుజామున అట్లాగే ఆపారు. అన్న నాలో డిజీలాకర్ తెరిచి లైసెన్సు, ఆర్సీ చూపించాడు.

"గా ఫోన్లయి నడవయి. కార్డు తియ్యి, లేకుంటే ఐదొందలు తియ్యి."

ఎందుకు నడవవు? కేంద్ర మోటారు వాహనాల నిబంధన 139ని 2018లోనే మార్చారు, ఎలక్ట్రానిక్ రూపంలో చూపినా చెల్లుతుంది. అన్న వాదనకు దిగలేదు. నన్ను స్టాండుకు తగిలించి రికార్డు నొక్కాడు. "సార్, ఇంకోపాలి చెప్పుండ్రి. చలాన్ రాస్తే రాయుండ్రి, రసీదు ఇయ్యుండ్రి" అన్నాడు. ఆ గొంతులో వణుకు నాకు తెలుస్తూనే ఉంది. అవతలి గొంతు మెత్తబడింది. "పో పో, ఎనక బండ్లు ఆగినయ్." నేను చేసిన పనులన్నిటిలో నాకు గర్వమైంది అదే.

అట్లాగని ఫోన్ ఎత్తిన ప్రతివాడినీ నేను మెచ్చను. కొందరు తాగి బండి నడిపి, ఎండలో నిలబడ్డ కానిస్టేబుల్ ముఖం మీదికి మమ్మల్ని తోసి బూతులు తిడతారు. ఆ తర్వాత తమ మాటలు కత్తిరించి వాట్సాప్‌లో తిప్పుతారు. అది సాక్ష్యం కాదు, దొంగతనం. ఇంకోసారి ఒక ఎస్సై చొక్కాకు కెమెరా తగిలించుకొని వచ్చాడు. ఆయన కెమెరా, నేను ఎదురెదురుగా ఉన్నాం. ఎవరి గొంతూ లేవలేదు. కాగితాలు చూసి పంపేశాడు.

మా వంశంలో పెద్ద పేరు ఒక హ్యాండీక్యామ్‌ది. 1991 మార్చి 3న లాస్ ఏంజెలెస్‌లో పోలీసులు కారు ఆపి రాడ్నీ కింగ్‌ను కొడుతుంటే, జార్జి హాలిడే తన బాల్కనీ నుంచి దాంతోనే తీశాడు. 1992లో పోలీసులు దాదాపు అన్ని అభియోగాల నుంచీ నిర్దోషులుగా బయటపడ్డారు, 1993లో ఫెడరల్ కోర్టు ఇద్దరికి శిక్ష వేసింది. మన దగ్గర 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 105వ సెక్షన్, సోదాలను పోలీసులే వీడియో తీయాలని, అదీ వీలైతే మొబైల్ ఫోన్‌తో తీయాలని చెబుతోంది. చట్టమే మా పేరు ఎత్తింది!

అన్నకు మాత్రం నేను పాతబడ్డాను. తెర పగిలింది, పిల్లాడి ఆటలకు ఇచ్చారు. బ్యాటరీ ఉబ్బింది, తెగిన వైర్లు, తుప్పు తాళాలు ఉన్న డబ్బాలో పడేశారు. కొత్త ఫోన్‌ను గుడ్డతో తుడుస్తాడు, నా మీద దుమ్ము తుడిచినవాడు లేడు. ఐదొందలు అడిగిన రోజు వీడియోను అప్పట్లోనే బామ్మర్దికి వాట్సాప్ చేశాడు. అది నలిగి చిన్నదైన నకలు. ఫిర్యాదు పెడదామని పోతే వకీలు అసలు ఫైలు అడిగాడట, దానితోపాటు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం కావాలన్నాడట. "ఆ ఫోన్ సచ్చిపోయింది" అని చెప్పి వచ్చానని అన్న వదినతో అన్నాడు.

నేను చావలేదన్నా. ఫైలు చెక్కుచెదరకుండా నాలోనే ఉంది. పాత ఫోన్లకు ప్లాస్టిక్ టబ్బులిచ్చే మనిషితో వదిన నిన్ననే బేరమాడింది. అతని సంచిలో వేసేముందు ఒక్కసారి బ్యాటరీ మార్పించి, ఆ ఫైలు తీసుకో.