ఎచెవేరియా మోజు

ఒక్క ఆకు తుంచి మట్టి మీద పడేస్తే మొక్క వస్తుందంటే ఎవరికి ఆశ పుట్టదు చెప్పండి? అందులోనూ రేకులు రేకులుగా విప్పుకుని, పైన తెల్లటి బూడిద పూసుకుని కూర్చునే ఎచెవేరియా అయితే! కడియంలో ఒక్క కుండీ కొన్నాను. బెజవాడ చేరేలోపే నా మనసులో అది వంద పిల్లల్ని పెట్టేసింది.

బాల్కనీలో చోటు చాలదని, అప్పటిదాకా అక్కడున్న రణపాల కుండీని తీసుకెళ్లి మెట్ల కింద పెట్టాను. అమ్మ పెట్టిన మొక్క అది. ఎవరూ చూడకపోయినా, నీళ్లు పొయ్యకపోయినా, ఆకు అంచున నొక్కు ఉన్న చోటల్లా ఓ పిల్లమొక్కను మొలిపించుకుంటూ ఉండేది. అడక్కుండానే పెరిగేదాని మీద మనకు గౌరవం ఉండదు. డబ్బు పోసి తెచ్చుకున్నదాని మీదే ప్రేమంతా. ఈ బుద్ధి నా ఒక్కడిదే అనుకోను. మీ ఇంట్లోనూ మెట్ల కింద ఏదో ఒకటి ఉండే ఉంటుంది.

ఎచెవేరియా ఆకును వేళ్లతో పట్టుకుని మెల్లగా అటూ ఇటూ కదిపితే టక్కున ఊడి వస్తుంది. మొదలు చిరక్కూడదు, కొత్త మొక్క పుట్టేది అక్కడి నుంచే. ఆ గాయం ఆరి పొక్కు కట్టేదాకా కొన్ని రోజులు నీడన ఉంచాలి. తర్వాత ముతక ఇసుక, ఇటుక నలుసులు కలిపిన మట్టి మీద పాతకుండా పడుకోబెట్టాలి. ఇదంతా శ్రద్ధగానే చేశాను. కొన్నాళ్లకు ఆకు మొదట్లో సన్నటి గులాబీ రంగు వేళ్లు వచ్చాయి. వాటి పక్కనే ఆవగింజంత మొలక. అది చూశాక నా కాళ్లు నేల మీద నిలవలేదు.

వెంటనే అక్కకు ఫోన్ చేశాను. మేలో మేనకోడలి ఓణీల ఫంక్షన్. రిటర్న్ గిఫ్టుల గురించి బెంగ పెట్టుకోకు, వచ్చిన వాళ్లందరి చేతుల్లో మనింట్లో పుట్టిన మొక్కలే పెడదాం అన్నాను. "ఏరా, నమ్మొచ్చా?" అంది. "పూచీ నాది" అన్నాను. అక్క బావకు చెప్పింది, బావ వాళ్ల చెల్లెళ్లకు చెప్పాడు, నేను చిన్న చిన్న కుండీలు కొన్నాను, వాటి మీద పిల్ల పేరు రాయించాను, తల్లి మొక్క ఆకులన్నీ ఒలిచి మోడు చేశాను, ఏప్రిల్ వచ్చింది, ఎండ ముదిరింది, మొలకలు ముడుచుకుంటుంటే ప్రాణం ఆగక పొద్దున నీళ్లు కొట్టాను, సాయంత్రం కొట్టాను, అర్ధరాత్రి టార్చి వేసుకుని మరీ కొట్టాను, ఓ పొద్దున వేలు పెడితే ఆకు జావలా చేతికి అంటుకుంది, పక్కదీ అంతే, దాని పక్కదీ అంతే.

ఫంక్షన్‌కు అక్క స్టీలు గిన్నెలు పంచింది. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

తర్వాత కూర్చుని చదివాను. ఎచెవేరియాల్లో ఎక్కువ జాతులు మెక్సికో కొండలవి. ఆ దేశపు చిత్రకారుడు అటనాసియో ఎచెవెర్రియా పేరు మీదుగా 1828లో డి కాండోల్ ఆ ప్రజాతికి పేరు పెట్టాడు. అక్కడ పగలు ఎంత ఎండ కాసినా రాత్రి చల్లబడుతుంది. ఇలాంటి మొక్కలు నీరు ఆవిరైపోకుండా పగలు ఆకు రంధ్రాలు మూసుకుంటాయి. రాత్రి చల్లదనంలో తెరిచి, పీల్చిన కార్బన్ డయాక్సైడ్‌ను మాలిక్ ఆమ్లంగా దాచుకుంటాయి. తెల్లవారాక వెలుతురులో దాంతో తిండి వండుకుంటాయి. మరి మన వేసవిలో అర్ధరాత్రి కూడా గోడలు వేడి కక్కుతుంటే వాటికి ఊపిరి ఎక్కడ ఆడుతుంది? పని ఆగిపోయిన మొక్కకు నీళ్లు పోస్తే అది తాగదు. ఆ తడి కుళ్లుకే పనికొస్తుంది. దాహం అనుకుని నేను పోసినదంతా అదే.

ఆ చదువులోనే మన సామర్లకోట ఎదురైంది. అక్కడ ఈస్టిండియా కంపెనీ తోటను చూసుకున్న వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ హైన్, 1813లో రాసిన ఓ లేఖలో తాను నమిలి చూసిన ఒక ఆకు గురించి చెప్పాడు. అది పొద్దున్నే పుల్లగా ఉంటుంది, మధ్యాహ్నానికి రుచి పోతుంది, సాయంత్రానికి కాస్త చేదెక్కుతుంది. రాత్రి దాచుకున్న ఆమ్లం పగలు ఖర్చవడాన్ని ఆయన నాలుకతోనే పట్టుకున్నాడు. ఆ ఆకు రణపాలది. ఎచెవేరియా కుటుంబమే అది.

మర్నాడు తెల్లవారుతూనే మెట్ల కిందకు వెళ్లి, రణపాల ఆకు కొస గిల్లి నాలుక మీద పెట్టుకున్నాను. చింతచిగురంత పులుపు. మధ్యాహ్నం అదే మొక్క నుంచి ఇంకో ఆకు గిల్లాను. చప్పగా ఉంది. రెండు వందల ఏళ్ల నాటి లేఖలోని మాట నా నోట్లో నిజమైతే ఒళ్లు జలదరించింది. ఇంత విద్య తెలిసిన మొక్కనా నేను చీకట్లోకి నెట్టింది!

రణపాల ఇప్పుడు బాల్కనీలో తూర్పు వైపు ఉంది. అడిగిన వాళ్లకల్లా ఆకులు ఇస్తున్నాను. అక్కా ఒకటి పట్టుకెళ్లి పెరటి గోడ మీద పెట్టింది, అది అప్పుడే పిల్లలు పెట్టిందట. ఎచెవేరియా మోడు కూడా చావలేదు, నీడకు మార్చి నీళ్లు తగ్గించాక కాండం మీద చిగుళ్లు వేసింది. వాటిని కార్తీకం వచ్చి రాత్రులు చల్లబడ్డాకే ముట్టుకుంటాను. అక్కకు మాత్రం ఈ సంగతి ఇంకా చెప్పలేదు.