ఏరుడు సారు

అంగట్లో కూరగాయలు కొనేవాళ్లు వేరు, ఏరేవాళ్లు వేరు. ఈ రెండో రకం మనిషిని ఏరుడు సారు అనవచ్చు. బళ్లో పాఠం చెప్పే సారే కానక్కర లేదు, ఎదుటివాళ్ల చేత ఆ పిలుపు పిలిపించుకునే వయసు ఉంటే చాలు. ఈయన ప్రతి ఊళ్లోనూ ఉంటాడు. ఇక్కడ చెప్పేది సూర్యాపేట–జనగామ రోడ్డు మీది తిరుమలగిరి రకం. సాగర్ దగ్గరి తిరుమలగిరి, సికింద్రాబాదు తిరుమలగిరి వేరు, వాటి సార్లూ వేరు.

గుర్తుపట్టడం తేలిక. చేతిలో ఒక సంచి, దాని అడుగున మడతపెట్టిన ఇంకో సంచి. కుడి బొటనవేలికి కాస్త పెంచిన గోరు. మొదటి చుట్టులో ఏమీ కొనడు, ధరలు మాత్రం అడుగుతాడు. రెండో చుట్టులో ప్యాంటు పైకి లాక్కుని బెండకాయల ముందు గొంతుకూర్చుంటాడు.

బెండకాయ తోక పుటుక్కున విరిగితే లేత, వంగితే ముదురు. ఈ శాస్త్రంలో తప్పు లేదు. పూత రాలిన వారం దాటితే కాయలో పీచు కట్టడం మొదలవుతుంది. చిక్కు ఎక్కడంటే, పావుకిలో కొనడానికి ఈయన కిలో కాయల తోకలు విరుస్తాడు.

“ఇరిసినయన్నీ ఎవలు కొంటరు సారూ?”

“లేతగున్నయో లేవో సూడొద్దా అవ్వా?”

“సూడు. తోకలు గూడ తూకంల ఏస్త.”

వంకాయ దగ్గర పని ఇంకా నెమ్మది. తొడిమ పచ్చగా ఉందా, తోలు నిగనిగలాడుతోందా చూస్తాడు. అంతవరకు సరే. ఆ తర్వాత ఒక్కో కాయను ఎండకెత్తి రంధ్రం కోసం వెతుకుతాడు. పురుగు పిల్లగా లోపలికి దూరిన చోటు దాదాపు కనిపించకుండా పూడిపోతుంది, కంటికి ఆనే పెద్ద రంధ్రం అది పెరిగి బయటికి వెళ్లిన దారి. అంటే సారు పక్కకు విసిరేసిన కాయను పురుగు ఎప్పుడో ఖాళీ చేసింది. రంధ్రం లేదని మురిసి సంచిలో వేసుకున్న దాంట్లో ఇంకా కాపురం చేస్తూ ఉండవచ్చు.

పెంచిన గోరు సొరకాయ కోసం. గోరు దిగితే లేతకాయ. సారులాంటి వాళ్లు పదిమంది వచ్చిపోయేసరికి ఆ కాయ అమ్మోరు పోసినట్టు తయారవుతుంది. సొరకాయలో అసలు చూడాల్సింది చేదు. ఇంటికి తెచ్చాక చిన్న ముక్క నాలిక మీద పెట్టి, చేదుంటే కాయంతా పారేయాలి. ఆ చేదు ఒంటికి ప్రమాదం. సారు గిల్లుతాడే గాని రుచి చూడడు.

పండ్ల దగ్గరికి వచ్చేసరికి పాండిత్యం పలచబడుతుంది. పుచ్చకాయను తట్టి చెవి ఆనిస్తాడు, ఏం వినపడిందో ఎవరికీ చెప్పడు. నేల మీద ఆనిన చోట పసుపు మచ్చ చిక్కగా ఉంటే కాయ పండినట్టే, ఆయన మాత్రం దాన్ని మరక అనుకుని ఆ కాయను అవతల పెడతాడు. ఉమ్మడి నల్గొండ జిల్లా బత్తాయికి పెట్టింది పేరు, అయినా ఈయనకు పచ్చతోలు బత్తాయి అంటే అనుమానమే. వేడి నేలల్లో బత్తాయి పచ్చగా ఉండే పండుతుంది. చేతిలో పెట్టుకుంటే బరువుగా తోచాలి, అంతే. మామిడికి మాత్రం రంగు చూసి పడిపోతాడు. కార్బైడుతో మాగబెట్టడం నిషేధం, ఎథిలీన్ వాయువుకు అనుమతి ఉంది. ఈ సంగతి డబ్బులిచ్చాక పండ్లబండి అతనికి వివరంగా చెబుతాడు.

అమ్మేవాళ్లు ఊరుకోరు. ఏరితే నలభై, ఏరకుంటే ముప్పై అంటారు. సారు ముప్పైకి ఏరతానంటాడు. 1999లో మొదలైన రైతుబజార్లలో ధర బోర్డు మీద రాసి ఉంటుంది. అక్కడ బేరానికి పోవాల్సిన ఓపిక కూడా ఏరుడుకే పోతుంది. చివర్లో కొసరు కింద నాలుగు మిరపకాయలు వేస్తే, వాటినీ ఏరతాడు.

పొద్దుగూకినంక లెక్క మారుతుంది. ఊరికి ఆటో ఎక్కాల్సిన అవ్వలు మిగిలినవన్నీ కుప్పలు పోసి, కుప్ప పది రూపాయలంటారు. ముట్టుకునే పని లేదు, సంచి పడితే బోర్లించడమే. ఏరుడు సారు రెండో సంచి విప్పేది అప్పుడే. ఇంటికి పోయి లైటు కింద పోస్తే కుప్పలో బెండకాయలే ఎక్కువ. వాటిల్లో తోకలున్నవి తక్కువ.