చరిత్ర అయితే సరే!

నిషేధాల మీద, నిరసనల మీద పాత ఫోటోల ప్రదర్శన పెట్టాలని ఎవరికైనా బుద్ధి పుట్టిందనుకోండి. తెనాలిలో మొదలుపెట్టి, రేపల్లె ప్యాసింజరెక్కించి, అక్కణ్నుంచి బస్సులో బాపట్ల చేర్చాలనుకోండి. ఫోటోల కన్నా ముందు దరఖాస్తులకు ఫ్రేములు కట్టించుకోవడం మంచిది. తెనాలిది గుంటూరు జిల్లా. రేపల్లె 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల జిల్లా. ఒక్క ప్రదర్శనకు ఇద్దరు ఎస్పీలన్నమాట.

తెనాలి ఫోటోలకు ఇబ్బంది లేదు. 1942 ఆగస్టు 12న క్విట్ ఇండియా అంటూ జనం రైల్వే స్టేషన్‌కు నిప్పు పెట్టారు, పోలీసులు కాల్చారు, ఏడుగురు చనిపోయారు. రణరంగ చౌక్‌లో వాళ్ల స్తూపాలకు దండలు వేయని నాయకుడు లేడు. కాల్పించింది తెల్లదొరలు గదా! (స్టేషన్ తగలబెట్టినవాళ్ల మీద ఇవాళైతే ఏయే సెక్షన్లు పెట్టేవారో అడక్కండి.)

ఆ చౌక్ నుంచి ఊరేగింపుగా వస్తామంటే మాత్రం “సెక్షన్ 30 అమల్లో ఉందండీ” అంటారు. అది 1861 పోలీసు చట్టంలోది. సిపాయిల తిరుగుబాటుకు బెదిరిన దొరలు నాలుగేళ్లకు రాసుకున్నది. రోడ్ల మీద సభలకు పగ్గం వేస్తూ 2023 జనవరిలో వచ్చిన జీవో నంబర్ 1కీ అదే ఊతం. మే నెలలో హైకోర్టు ఆ జీవోను కొట్టేసింది. దాని మీద మండిపడ్డ పార్టీ మరుసటేడు గద్దెనెక్కింది. సెక్షన్ 30 మాత్రం గద్దె దిగలేదు.

రేపల్లెలో ‘రైతుబిడ్డ’ స్టిల్స్ పెట్టుకోవచ్చు. 1939లో గూడవల్లి రామబ్రహ్మం తీసిన ఆ సినిమాకు జమీందారులు భగ్గుమన్నారు, నిషేధం పడింది. తమాషా ఏమిటంటే డబ్బు పెట్టింది కృష్ణకు అవతలి ఒడ్డున ఉన్న చల్లపల్లి జమీందారే! 1948 చట్టంతో జమీందారీలే పోయాయి గనక ఇప్పుడెవరి మనసూ నొచ్చుకోదు.

బాపట్లలో ఎమర్జెన్సీ గోడ. 1975 జూన్ 28న ఇండియన్ ఎక్స్‌ప్రెస్ సంపాదకీయం చోటును ఖాళీగా వదిలేసింది. ఆ పేజీని చూసి ఆఫీసరు “ఇందులో ఏమీ లేదుగా” అని సంతకం పెట్టేస్తాడు. ఎందుకు ఖాళీయో కింద రెండు ముక్కలు రాస్తామనండి, కలం మూసేస్తాడు.

అమరావతి రైతుల ఫోటోలు నాలుగేళ్ల కిందటైతే శాంతిభద్రతల సమస్య, ఇప్పుడు ముఖద్వారం ఎదురుగా లైటేసి పెట్టాల్సిన చరిత్ర. మొన్న తీసిన ఫోటోలేవైనా ఉంటే బీరువాలో దాచండి. ప్రభుత్వం మారాక అదే ఆఫీసరు ఫోన్ చేసి అడుగుతాడు.