జీపు ఇరుసు గేర్లు మార్చేవాళ్లకు ఎదురు సలహాలు

అవుకు, బనగానపల్లె, ఆళ్లగడ్డ వైపు పాత మహీంద్రా జీపు కొన్న కుర్రాళ్లందరిదీ ఒకటే మాట. "అన్నా, అరవై దాటితే ఇంజను గోల పెడుతోంది. వెనక ఇరుసులో క్రౌను, పినియను గేర్లు మార్చేస్తే పరుగెత్తదా?" పరుగెత్తుతుంది. అయినా మార్చొద్దనే చెప్తాను. గేర్లు మార్చాల్సి వస్తే వేగం తగ్గే వైపు మార్చండి. వినడానికి తలకిందుల మాటలా ఉంటుంది గానీ, లెక్క చూడండి.

విల్లీస్ జాతి జీపులు చాలావాటిలో క్రౌనుకు 43 పళ్లు, పినియనుకు 8. అంటే చక్రం ఒక్క చుట్టు తిరగాలంటే జాయింట్ షాఫ్టు 5.38 చుట్లు తిరగాలి. దాన్ని తీసేసి 39, 8 పళ్ల జత వేస్తే అది 4.88 అవుతుంది. అదే వేగానికి ఇంజను తొమ్మిది శాతం తక్కువ తిరుగుతుంది. చక్రానికి అందే బలం కూడా సరిగ్గా అంతే తగ్గుతుంది, దీన్నే ఎవరూ చెప్పరు. ఎగువ అహోబిలం నుంచి పావన నరసింహస్వామి గుడికి అడవిలో రాళ్ల మీద జనాన్ని ఎక్కించుకుపోయే జీపులు చూశారు కదా. ఆ దారిలో బండిని లాగేది ఇలాంటి బలమే. పైగా మీటరు గేరుపెట్టె వైపు నుంచి తిరుగుతుంది కాబట్టి, 4.88 జత వేశాక ముల్లు 60 చూపిస్తుంటే మీరు 66లో పోతుంటారు. నాలుగు చక్రాలకూ పట్టు ఉన్న బండైతే ముందు ఇరుసులోనూ అదే జత పడాలి. ఒక్క వెనకది మార్చి ఫోర్‌వీల్ వేశారా, ముందూ వెనకా పెనుగులాడి ఏదో ఒకటి విరుగుతుంది.

టైర్లు పెద్దవి వేసుకున్నవాళ్లు మాత్రం తప్పక మార్చాలి. 4.88 బండికి పది శాతం ఎత్తైన టైరు వేస్తే, 5.38 జత వేసుకుంటేనే పోయిన బలం తిరిగి వస్తుంది.

రెండో ఎదురు సలహా. షెడ్డులో పొద్దున ఇచ్చి సాయంత్రం తెచ్చుకునే పని కాదిది, ఇంటి దగ్గరే నాలుగు రోజులు పెట్టుకుని చేయండి. తొందర లేనివాడి చేతిలోనే ఈ గేర్లు కుదురుతాయి. అయితే మన ఇళ్లలో నేలంతా నాపరాయే. పాలిష్ చేసిన బండ మీద రెండు చుక్కల గేరు ఆయిలు పడితే జాకీ జారిపోతుంది. బండ కింద మట్టి గుల్లగా ఉంటే బరువంతా ఒకే చోట పడి పెళ్లున పగులుతుంది. మందపాటి చెక్క దిమ్మె పరిచి, దాని మీద స్టాండ్లు పెట్టి, బండిని వాటి మీద నిలబెట్టాకే కిందికి దూరండి. ఉత్త జాకీని నమ్మి దూరితే ప్రాణం మీదికొస్తుంది.

ఇంకోటి. పాత జీపుల్లో హ్యాండ్ బ్రేకు చక్రాలను పట్టదు, గేరుపెట్టె వెనక షాఫ్టును పడుతుంది. వెనక ఒక చక్రం పైకి లేపారా, షాఫ్టు బిగిసే ఉన్నా గాల్లో ఉన్న చక్రం ఒక వైపుకీ నేల మీది చక్రం రెండో వైపుకీ తిరిగి బండి కదిలిపోతుంది. బ్రేకు లాగాం కదా అని ధీమా పడొద్దు. ముందు చక్రాలకు అటూ ఇటూ రాళ్లు అడ్డం పెట్టండి.

విప్పకముందే పాత జతను చదవండి. హౌసింగ్ మూత తీసి, పళ్లను శుభ్రంగా తుడిచి, మార్కింగ్ పేస్టు పూసి క్రౌనును అటూ ఇటూ తిప్పితే, పన్ను మీద ఎక్కడ ఒరుసుకుందో అచ్చు పడుతుంది. దాన్ని ఫోన్లో ఫొటో తీసుకోండి. బేరింగు మూతలకు కుడి, ఎడమ గుర్తులు కొట్టండి. ఏ పక్క షిమ్ములు (సందు సర్దే పల్చటి రేకులు) ఆ పక్కవే విడివిడిగా కట్టిపెట్టుకోండి.

"క్రౌను బాగానే ఉంది, పినియను ఒక్కటి వేసేద్దాం" అనేవాడి మాట అస్సలు వినొద్దు. ఆ రెండింటినీ ఫ్యాక్టరీలో కలిపి అరగదీసి, ఒకే నంబరు చెక్కి పంపుతారు. నంబర్లు కలవని జత చౌకగా దొరికినా వదిలేయండి.

ఇక బిగింపు. అచ్చు పంటి కొన వైపు పడితే పినియను ఇంకా లోపలికి పోవాలి, మొదలు వైపు పడితే వెనక్కి రావాలి. పినియను బేరింగు దగ్గరి షిమ్ము మారితేనే అది కదులుతుంది. క్రౌనుకూ పినియనుకూ మధ్య ఆటను డయల్ గేజితో కొలవాలి, చేత్తో ఊపి చూస్తే తెలియదు. మామూలుగా అది 0.1 నుంచి 0.25 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది, మీ ఇరుసు పుస్తకంలో రాసినదే ప్రమాణం. ఒక షిమ్ము మార్చడం, మళ్లీ బిగించడం, మళ్లీ పేస్టు పూయడం, విసుగు పుట్టించేంత పని. అచ్చు పంటి నడుమకు వచ్చేదాకా వదలకండి. కొంచెం తేడాగా వదిలేసిన బండి నలభై దాటగానే కూత మొదలుపెడుతుంది. ఆ కూతకు చిక్కటి ఆయిలు పోయడం మందు కాదు.

అవుకులో ఇంకో శత్రువు ఉంది. బండలు కోసే, పాలిష్ చేసే యూనిట్ల నుంచి వచ్చే రాతిపొడి. ఆరుబయట బేరింగు విప్పి పెట్టి భోజనానికి పోతే, తిరిగొచ్చేసరికి దాని మీద తెల్లటి పొర. తడిగుడ్డ పరదా కట్టుకుని చేయండి, లేచిన ప్రతిసారీ సామాన్లు కప్పి పోండి.

ఆయిలు మీ ఇరుసుకు చెప్పినదే పోయాలి. హైపాయిడ్ గేర్లయితే జీఎల్-5 రకం, ఎందుకంటే ఆ పళ్లు ఒకదాని మీద ఒకటి జారుతూ తిరుగుతాయి. మిగిలిన దాన్ని గేరుపెట్టెలో పోయకండి, లోపలి ఇత్తడి రింగులకు అది పడకపోవచ్చు. మొదటి ఇరవై కిలోమీటర్లూ ఖాళీ బండితో నెమ్మదిగా పోయి, ఆపి, హౌసింగ్ చల్లారనివ్వండి. దాదాపు 800 కిలోమీటర్లు తిరిగేదాకా బండలూ వద్దు, ట్రాలీ లాగడమూ వద్దు. అప్పుడు ఆయిలు దించి గుడ్డలో వడగట్టి చూడండి. సన్నటి వెండి బూడిదలాంటి పొడి ఉంటే కొత్త పళ్లు కుదురుకుంటున్నట్టు. గోటికి తగిలే ముక్క దొరికితే, మూత మళ్లీ విప్పాల్సిందే.